హాజరు

"బండి దిగురా!"

అండర్ బ్రిడ్జి పక్కన ఛాయ్ బండి దగ్గర యాకమ్మ అరుపుకు అందరూ తలలు తిప్పారు. శేఖర్ బైకు మీద వెనక కూర్చున్న మధు ఒక్కడే తిప్పలేదు. తల్లి గొంతు గుర్తుపట్టక కాదు.

"దిగుమంటున్న గద! ఎన్ని దినాలాయెరా ఇంటి మొకం, బడి మొకం సూడక? పదో తరగతి పోరడివి. పరీక్షలు నెత్తి మీదికొచ్చినయి. ఈళ్ళెంబడి తిరుగుడేనా నీ సదువు?"

శేఖర్ నవ్వాడు. ఎప్పుడో బడి మానేసిన శేఖర్ ఆ గల్లీ పిల్లలందరికీ అన్న.

"ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. వాడు మాతోని మంచిగనే ఉన్నడు."

"నువ్వు నోర్ముయ్. నిన్నడగలె."

యాకమ్మ మిర్చి యార్డులో కాయల తొడిమెలు తీసే కూలి. ఆమె దగ్గరికి రాగానే చీరలోని ఘాటుకు శేఖర్ తుమ్మాడు. మధు బండి దిగి తల్లిని పక్కకు తీసుకుపోయాడు.

"అమ్మా, ఇంటికి వస్త. ఇయ్యాలనే వస్త. బడికి మాత్రం పోలేనే."

"ఏం? సార్లు కొడతరా?"

"కాదే."

"పోరగాళ్ళు నవ్వుతరా?"

"అది కాదమ్మా. బడి ఒక్కటి వద్దు. నీతోని యార్డుకు వస్త. బస్తాలు మోస్త."

"నా కండ్లు సూడరా ఎట్లయినయో! మళ్ళ నువ్వు గా మిరపకాయలల్లనే పడతనంటవా?"

యాకమ్మ అరవడం ఆపేసింది. రోడ్డు అంచున కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని, చప్పుడు లేకుండా ఏడ్చింది. తిట్టినంతసేపూ రాయిలా నిలబడ్డ మధు ఇప్పుడు ఎటు చూడాలో తెలియక బ్రిడ్జి మీద పోతున్న రైలును చూశాడు. రైలు దాటిపోయింది. ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది.

"లే అమ్మా. బడికే పోదాం."

శేఖర్ నవ్వు ఆగిపోయింది. "ఒరేయ్, గటు దిక్కు పోవద్దని చెప్పిన గదరా!"

"మీరు పోన్రి అన్నా," అన్నాడు మధు వెనక్కి చూడకుండా.

ఇంట్లో యూనిఫారం తొడుక్కుంటే చొక్కా చేతులు పొట్టిగా అయ్యాయి. జుట్టుకు వేయించుకున్న ఎర్ర రంగు కనబడకుండా యాకమ్మ దండిగా నూనె పెట్టి దువ్వింది. దారి పొడుగునా ఆమే మాట్లాడింది.

"నువ్వేం మాట్లాడకు. సారుకు నేను చెప్పుకుంట. జరమొచ్చిందని చెప్పనా?"

"అబద్ధమెందుకే."

"సరే, నిజమే చెప్త. కాళ్ళు మొక్కుత."

బడి మలుపు తిరగగానే మధు ఆగాడు.

"ఏమైందిరా?"

వాడు తల్లి ముఖం చూశాడు. ఆమె అంత హుషారుగా నడవడం వాడెన్నడూ చూడలేదు.

"ఏం లేదు. నడువు."

హెడ్మాస్టర్ రాజమల్లు సార్ మొదట గట్టిగా కేకలేశాడు. యాకమ్మ నిజంగానే కాళ్ళ మీద పడబోయేసరికి వెనక్కి జరిగాడు. "వద్దమ్మా, లే. ఒరేయ్, క్లాసుకు పో. ఇగ ఒక్కరోజు మానినా ఊకోను."

మధు తల వంచుకొని "సరే సార్" అన్నాడు.

చివరి బెంచీలో నాసిర్ జరిగి చోటిచ్చాడు. "వచ్చినవా భయ్!" అంటూ చేతిలో పెన్ను పెట్టాడు. హాజరు పిలుస్తున్న ప్రేమలత టీచర్ అలవాటు కొద్దీ మధు పేరు దాటేసింది.

"టీచర్, నేనొచ్చిన."

క్లాసంతా వెనక్కి తిరిగింది. టీచర్ హాజరు వేసి, "అయితే ఇయ్యాల పాఠం నువ్వే చదువు" అంది.

మధు తడబడుతూ మొదలుపెట్టాడు. ఒక పేజీ తిప్పేసరికి గొంతు కుదురుకుంది. ఎవరూ నవ్వలేదు. వరండాలో నిలబడి యాకమ్మ వింటోంది. పనికి ఆలస్యమైపోయినా కదల్లేదు. పాఠం ఆమెకు అర్థం కాలేదు. కొడుకు ఆగకుండా చదువుతున్నాడు, అంతే చాలు. చివరికి కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. మధు చదవడం ఆపి, ఆమె గేటు దాటేదాకా చూశాడు.

కాసేపటికి హెడ్మాస్టర్ గది నుంచి పిలుపొచ్చింది. లోపల మామూలు బట్టల్లో ఇద్దరు మనుషులు కూర్చున్నారు.

"పోలీసోళ్ళురా," అన్నాడు రాజమల్లు సార్. "కత్తిపోట్ల కేసుల బండి నడిపింది నువ్వేనట. పోట్లు తిన్న పిల్లగాడు దవాఖానల ఇంకా కండ్లు తెరవలేదట."

"బండి ఒక్కటే నడిపిన సార్. ఎనుక కూసున్నోళ్ళ కాడ కత్తి ఉన్నదని నాకు తెల్వదు."

"అదంత అక్కడ చెప్పుదువు," అన్నాడు వాళ్ళలో పెద్దాయన, నెమ్మదిగానే. తర్వాత హెడ్మాస్టర్ వైపు తిరిగాడు. "నిన్న వీళ్ళ గ్యాంగుల ఒకడు దొరికిండు సార్. వీని ఇల్లు తెల్వదు, బడి తెల్సని ఫోన్ల వీని ఫొటో చూపిచ్చిండు. లోపలికొచ్చి అడిగితే ఖబరు తెలిసి ఉడాయిస్తడని పొద్దటిసంది రోడ్డు మీదనే నిలబడ్డం. తల్లి ముంగట పట్టుకోబుద్ధి కాక ఆమె పొయ్యేదాక ఆగినం."

రాజమల్లు సార్ మధు భుజం మీద చెయ్యి వేశాడు. "వీళ్ళున్నరని తెల్వక, పాపం ఆ తల్లే నిన్ను తెచ్చి అప్పజెప్పినట్టాయె గదరా!"

"వీళ్ళను నేను మలుపు కాడనే చూసి గుర్తుపట్టిన సార్," అన్నాడు మధు. "అమ్మ అంత సంబురంగ నడుస్తాంటే ఎనుకకు మర్లబుద్ధి కాలె."