నాలుగంగుళాల మహాసంగ్రామం

అయిదో అంతస్తులో ఒక ఇనుప గ్రిల్లు గుమ్మం దాటి నాలుగంగుళాల మేర ఉమ్మడి వరండాలోకి చొచ్చుకొచ్చింది.

ఈ దురాక్రమణను కనిపెట్టిన ఘనత మాత్రం ఆకాశరామన్నది. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్లు భూమిని కొలిచి, రిటైరయ్యాక ఆ భవన సంఘానికి కార్యదర్శిగా అవతరించిన పెద్దమనిషికి, ఒక ఉదయం బాల్కనీల కింద తన పూలకుండీలకు నీళ్లు పోస్తుండగా గులాబీ కుండీలో ఓ కాగితం దొరికింది. ఎగిరిపోకుండా దానికో బట్టల క్లిప్పు. లోపల పెన్సిలు రాత.

"అయ్యా, మందుల షాపాయన గ్రిల్లు నియమావళి పద్నాలుగో క్లాజుకు విరుద్ధం. వెంటనే తీయించగలరు."

కార్యదర్శి కళ్లు చెమర్చాయి. తాను రచించి ఇంటింటికీ పంచిన నియమావళిని చదివిన ప్రాణి భూమండలంలో ఒకటుందన్నమాట!

ఆదివారం టేపు ధరించి దండెత్తాడు. ఎదురిల్లు ఏడాదిగా ఖాళీ. మందుల షాపాయన నవ్వుతూ గ్రిల్లు బార్లా తెరిచాడు.

"కాఫీ తాగండి అన్నయ్యా."

"కొలత ముందు, కాఫీ తర్వాత తమ్ముడూ. నాలుగంగుళాలు. తీసెయ్యాల్సిందే."

"పొద్దున వెళ్తే రాత్రికి గానీ రాను. మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. అసలే నరాల బలహీనత. ఈ గ్రిల్లు లేకపోతే నాకు షాపులో కాలు నిలవదు."

ఆమె కాఫీ తెచ్చింది. టేపు వంక ఒక్క క్షణం చూసి, తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

"చెల్లెమ్మను చూస్తే జాలేస్తోంది. కానీ కుటుంబ విషయాలు సంఘం పరిధిలోకి రావు. నోటీసు బోర్డు మీద నేనే రాయించాను. నాలుగంగుళాలు వస్తాయి."

నోటీసుకు ప్రతినోటీసు వెళ్లింది. వ్యవహారం కోర్టుకెక్కింది. రెండేళ్లు నడిచింది.

ఉత్తరాలు రాలుతూనే ఉన్నాయి. మూడోది "దయచేసి" అని మొదలైంది. తొమ్మిదోదాంట్లో ఆ మాట నాలుగుసార్లుంది. ఇంతటి నియమనిష్ఠకు కార్యదర్శి పొంగిపోయి, వాటిని ఎవరి కంటా పడనీయక ఫైలులో దాచుకున్నాడు.

భవనమంతా మందుల షాపాయన పక్షమే. "టేపు తాతా, మా ఆయన పొట్ట కూడా బయటికొచ్చింది, కాస్త కొలిచిపెట్టవూ?" అని రెండో అంతస్తు ఇల్లాలు మెట్ల మీద నిలదీసింది. "పెళ్లాన్ని అంత పదిలంగా చూసుకునే మగాణ్ణి ఏడిపిస్తావా?"

తీర్పు రోజున జడ్జిగారు అడిగారు: "మీ భార్య రాలేదా?"

"గడప దాటదండీ. భయస్తురాలు."

జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఒక ఇల్లాలి భద్రత ముందు నాలుగంగుళాలు లెక్కలోకి రావన్నారు. గ్రిల్లు నిలిచింది.

కోర్టు మెట్ల మీద విజేత చెయ్యి చాచాడు. "మనసులో పెట్టుకోకండి అన్నయ్యా. ఇంతకీ నా మీద మీకు ఫిర్యాదు చేసిందెవరు?"

"తెలిస్తే దండ వేసేవాణ్ణి తమ్ముడూ." ఓడిన రాజు కరవాలం అప్పగించినంత గంభీరంగా కార్యదర్శి ఫైలు అతని చేతిలో పెట్టాడు. "పదకొండున్నాయి. నాకింక వీటితో పనిలేదు."

తీరిగ్గా చదవచ్చులెమ్మని మందుల షాపాయన ఫైలు చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

అయిదంతస్తులూ ఎక్కి, పొద్దున తాను గ్రిల్లుకు బయటి నుంచి వేసి వెళ్లిన రెండు తాళాలూ తీసి లోపలికి అడుగుపెట్టేసరికి, బాల్కనీలో అతని భార్య పన్నెండో కాగితానికి బట్టల క్లిప్పు తగిలిస్తోంది.