వచ్చిన పని అనే మూడో గడి

"ఆగు డోరీన్! తలుపు పట్టుకోకు!"

మార్లిస్ కేకకు ముందు గదిలో ఉన్న డోరీన్ ఉలిక్కిపడి చెయ్యి వదిలేసింది. ముప్ఫై ఏళ్లుగా వచ్చిన ప్రతివాడికీ తలుపు తెరిచి పట్టుకున్న చెయ్యి అది.

అద్దం తలుపు బయట నిలబడ్డ ఒక పెద్దాయన ముక్కు ముందే మూసుకుంది.

అమెరికాలోని ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇంతకు మించిన అమర్యాద మరొకటి లేదు.

వాన్‌డీన్ కార్టన్స్ ఫ్యాక్టరీకి మార్లిస్ మేనేజరు. అట్టపెట్టెల వ్యాపారంలో అట్టే మిగలదు. ఆ మిగిలే నాలుగు డబ్బులూ జున్ను కంపెనీ ఆర్డరు చలవే.

ఆ కంపెనీవాళ్లు ఈసారి ధర అడగలేదు, అట్ట మందమూ అడగలేదు. "మీ కంప్యూటర్లలో దొంగ దూరడం ఎంత తేలిక?" అని అడిగారు. ఫాక్స్ నది అవతల పెట్టెలే చేసే టోర్వాల్ ఫ్యాక్టరీనీ అదే అడిగారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మార్కులేశారు.

టోర్వాల్‌కు డెబ్బై తొమ్మిది. వాన్‌డీన్‌కు డెబ్బై ఎనిమిది.

గెలిచినవాళ్లకే ఆర్డరు. ఓడినవాళ్లు ఇన్నాళ్లూ పెట్టెలు కట్టిన చేతులతోనే పెట్టేబేడా సర్దుకోవాలి. మార్లిస్ కింద నూట నలభై మంది ఉన్నారు.

ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. 'త్వరలో మా మనిషి ఒకరు చెప్పకుండా వస్తారు. ఏదో ఒక మాయమాట చెప్పి లోపలికి రావాలని చూస్తారు' అని ఉత్తరంలో రాశారు.

అది రాగానే మార్లిస్ అన్ని తలుపుల మీదా కాగితాలు అంటించింది: ఎవరికీ తలుపు పట్టుకోవద్దు.

ఆ పూట జింకల వేట మొదలైన మొదటి సోమవారం. వేటగాళ్లు తొడిగే నారింజ కోట్లతో ఊరంతా నారింజ తోటలా ఉంది. సగం ఫ్యాక్టరీ అడవిలోనే ఉంది.

పెద్దాయనా నారింజ కోటులోనే ఉన్నాడు. బూట్లకు ఇంకా అడవి బురద.

"పుస్తకంలో రాయించుకో డోరీన్. రూలు రూలే."

డోరీన్ కిటికీ సందులోంచి సందర్శకుల పుస్తకం అందించింది. ఆయన నిలబడే చాలాసేపు రాశాడు.

"ఇప్పుడు చెప్పండి పెద్దాయనా," అంది మార్లిస్. "ఏం వేషమిది?"

"వేషమేంటమ్మా? మీ దగ్గర పెట్టెలు అంటించే పెద్ద యంత్రం ఉందిగా? దాని పక్కన చిన్న నల్ల డబ్బా. రిపేరు కంపెనీవాళ్లు దూరం నుంచే చూసుకోడానికి పెట్టింది. దాని తీగ పీకెయ్యండి. ఇప్పుడే."

"అబ్బో! డబ్బా రంగుతో సహా బట్టీపట్టి వచ్చారే!"

"పోనీ మీ కంప్యూటర్ల మనిషిని పిలవండి. అతనికైతే ఒక్క ముక్కలో అర్థమవుతుంది."

"టాడ్ జింక కోసం చెట్టెక్కి కూర్చున్నాడు, ఫోను ఆపేసుకుని."

వెనకనుంచి ఫోర్‌మన్ బచ్ అందుకున్నాడు. "టాడ్‌కి జింక దొరికిందో లేదో గానీ, మనకి మాత్రం నక్క దొరికింది!"

అందరూ గొల్లుమన్నారు.

పెద్దాయన నవ్వలేదు.

"అంత అర్జంటైతే ఫోను చెయ్యొచ్చుగా?" అంది మార్లిస్.

"మా ఫోన్లు పనిచెయ్యట్లేదమ్మా."

"మా అంటే? ఎవరివి?"

ఆయన బచ్ వంక చూశాడు. నవ్వుతున్న గుంపు వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇంతమందిలో చెప్పలేను. పుస్తకంలో రాశాను. మీరొక్కరే చదవండి."

"దొంగవేషగాడు రాసింది చదివి నమ్మడానికి నేనేమన్నా వెర్రిదాన్నా? బాగా చేశారు పెద్దాయనా. ఇక దయచెయ్యండి."

"మధ్యాహ్నం దాకా ఆగదమ్మా అది."

"మీరు మాత్రం వెళ్లండి."

ఆయన వెళ్లి తన ట్రక్కులో కూర్చున్నాడు. కాసేపటికి దిగాడు. తలుపు దాకా వచ్చాడు. దాని మీద అంటించిన కాగితం చదివి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

లోపల చప్పట్లు.

"డెబ్బై ఎనిమిది కాస్తా ఎనభై అయినట్టే!" అన్నాడు బచ్. చాలా రోజుల తర్వాత మార్లిస్ మధ్యాహ్నం భోజనం కడుపునిండా తినాలనుకుంది.

తినలేదు.

పన్నెండున్నరకు ఆఫీసులో తెరలన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి. అన్నిటి మీదా ఒకటే రాత: మీ కంప్యూటర్లకు తాళం వేశాం.

కంప్యూటర్లకు తాళం పడగానే యంత్రాలకు తాళం తప్పింది. అంటించే యంత్రం ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. సగం మడిచిన జున్ను పెట్టెలు వరసగా నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి.

మార్లిస్ తన సెల్‌ఫోన్‌లో జున్ను కంపెనీకి చేసింది. అక్కడ మార్కులు వేసేది పాలెట్.

"పాలెట్, పొద్దున మీ మనిషిని గుమ్మంలోంచే పంపేశాం. అది మాత్రం గుర్తుపెట్టుకో. కానీ ఇప్పుడేమో ఇక్కడ..."

"మా మనిషా? మావాళ్లు రావాల్సింది వచ్చే వారం. జింకల వారంలో ఎవరైనా పనిమీద తిరుగుతారా మార్లిస్?"

మార్లిస్ ఫోను పెట్టేసింది. ముందు గదికి వెళ్లింది.

"ఆయన ఏం రాశాడు?"

"నేను చదవలేదు మార్లిస్," అంది డోరీన్. "గళ్లు నిండాయా లేదా అని చూశానంతే."

మార్లిస్ పుస్తకం తెరిచింది.

పేరు: లైల్ స్కోమర్.

ఎక్కడి నుంచి: టోర్వాల్ ఫ్యాక్టరీ, కంప్యూటర్ల విభాగం.

వచ్చిన పని అనే మూడో గడిలో చోటు చాలక, అంచు మీద కూడా చిన్న చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "మీకూ మాకూ ఒకే రిపేరు కంపెనీ పెట్టిన నల్ల డబ్బాలోంచే ఇవాళ పొద్దున్నే దూరి మా ఫ్యాక్టరీకి తాళం వేశారు, ఇది బయటపడితే జున్ను ఆర్డరు మీకే వెళ్తుందని తెలుసు, వెళ్లనివ్వండి, మీవాళ్లైనా రేపు పనికి రావాలి."