గోడవతల పారిజాతం

పరాయివాళ్ల చెట్టు పువ్వు మన నేల మీద రాలితే, ఆ పూజాఫలం ఎవరిది? పంతొమ్మిదేళ్లుగా అనంతపద్మనాభం ఈ సందేహాన్ని మోస్తూనే ఉన్నాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే నచ్చని జవాబు వస్తుందేమోనని భయం.

"తాతగారూ, ఈ మూల కూడా ఇచ్చేయండి. రాతి అరుగు కడితే వచ్చినవాళ్లు కాసేపు కూర్చుంటారు," అంది రాగసుధ, చేతిలోని టేపు లాగుతూ. ఇళ్ల ముందు తోటలు తీర్చిదిద్దడం ఆ పిల్ల వృత్తి. విజయనగరం నుంచి వచ్చింది.

"అది తప్ప ఇంకెక్కడైనా కట్టుకోమ్మా."

"ఆయన్ని కదిలించలేవులే," అంది వీధరుగు మీది నుంచి ఆయన భార్య లక్ష్మీకామేశ్వరి. "అది ఆయన సొంత వైకుంఠం. నాకే ప్రవేశం లేదు."

అరసవల్లిలో ఆ ఇంటి ముందు జాగాకి కొదవలేదు. కొదవల్లా కళకే. సిమెంటు గచ్చు, ఎండిపోయిన క్రోటన్ల కుండీలు, పక్కింటి వైపు గోడ మీద పన్నెండేళ్ల కిందట లేపిన ఇనప రేకులు. ఎవరొచ్చినా గేటు దగ్గరే మాట్లాడి వెళ్లిపోతున్నారని కామేశ్వరి బాధ. అందుకే పట్టుబట్టి ఈ పిల్లని పిలిపించింది. తులసికోట చుట్టూ పచ్చిక, గేటు నుంచి వంపు తిరిగే నల్లరాతి బాట, రెండు పక్కలా నందివర్ధనాలు అని రాగసుధ బొమ్మ గీసి చూపించింది. పాతికేళ్లయినా పాతబడదంది.

ఆ మూలలో మాత్రం గచ్చు లేదు. పేడతో అలికిన నేల. పారిజాతాన్ని కొమ్మ నుంచి కోయకూడదు, రాలినదే దేవుడికి పెట్టాలి. చెట్టేమో గోడవతల గురమ్మది, పువ్వులు రాలేది ఇటు. శ్రావణం నుంచి కార్తికం దాకా, సూర్యనారాయణమూర్తి గుడిలో పారాయణం ముగించుకుని ఎనిమిదింటికి ఇంటికొచ్చి, వాటిని ఒక్కొక్కటే ఏరుకుని ఆయన పూజకు కూర్చుంటాడు.

"మరి ఈ రేకులెందుకండీ? ఇల్లు గోదాములా ఉంది."

"అవతల చేపలు ఎండబెడతారమ్మా. పూజవేళకి ఆ వాసన..."

"వాసన ఆగిందా?"

"లేదు," అంది కామేశ్వరి. "మాటలు ఆగిపోయాయి."

రాగసుధ నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది. "బాట తవ్వితే చెట్టు వేర్లు తెగుతాయేమో. అయినా మిట్టమధ్యాహ్నం ఇక్కడ ఇంత ఎండేమిటి? నీడ పడాలి కదా."

"ఇది సూర్యుడి ఊరు. నీడకి కరువే," అన్నాడాయన. కళ్లు చికిలించి, రేకుల అంచున పచ్చగా కనపడుతున్నదాన్ని వేలెత్తి చూపించాడు. "అదిగో చెట్టు."

"దగ్గరగా చూడాలండీ. పదండి, వాళ్లనే అడుగుదాం."

ఆయన గేటు దాకా వెళ్లి ఆగాడు. మా పూలు ముట్టుకోవద్దని గురమ్మ ఒక్క మాట అంటే, పంతొమ్మిదేళ్ల పూజా దొంగతనమైపోతుంది.

"చేతులూపుకుంటూ వెళ్లకండి," అని కామేశ్వరి గెలలోంచి ఒక అత్తం అరటిపళ్లు కోసి తెచ్చి ఇచ్చింది.

గుమ్మంలో కూర్చుని వల కుట్టుకుంటున్న గురమ్మ ఆయన్ని చూసి గబుక్కున లేచింది. "ఏటి బాబూ, దారి తప్పినావా?" అని స్టూలు కొంగుతో తుడిచి వేసింది. చెట్టు చూడడానికి వచ్చారని విని, పెరట్లోకి వెళ్లబోతున్న రాగసుధని ఆపేలా చెయ్యెత్తి, మళ్లీ దించేసింది.

ఆయన కూర్చోలేదు. "గురమ్మా, ఇన్నేళ్లూ నీ చెట్టు పువ్వులు నిన్నడక్కుండా ఏరుకున్నాను. ఇవాళ అడుగుతున్నాను. ఆ రేకులు కూడా తీయించేస్తాను."

"దేవుడికెట్టే పువ్వుకి అడగడమేటి బాబూ?" పళ్లు రెండు చేతులా అందుకుంది. "నీ పూజ గంట యినపడితేనే నాకు దైర్నం. మా కొడుకు నాగబాబు సముద్రం మీద యేటకెల్లిన రోజైతే మరీని. ఆ గంట యిన్నాకే టీ నీళ్లు తాగుతాను."

తలమీది బరువేదో దిగినట్టయింది ఆయనకి. ఇంత చిన్న మాట అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా అనుకున్నాడు.

పెరట్లోంచి రాగసుధ గొంతు వినపడింది. "తాతగారూ, ఇక్కడ చెట్టేదీ లేదండీ."

ఆయన గబగబా వెళ్లాడు. గోడ పక్కన మోకాలెత్తు మోడు, సగం చెదలు తినేసింది. రేకుల మీదికి పాకింది చిక్కుడు పాదు. ఆయన వంగి మోడుని తడిమి చూశాడు. బెరడు పొడిపొడిగా చేతికొచ్చింది.

"ఇది ఎప్పుడు..."

"తిత్లీ తుపాను గాలికి బాబూ. ఏడేళ్లయినాది."

ఆయన గోడ పట్టుకున్నాడు. ఏడు శ్రావణాలు, ఏడు కార్తికాలు. ఈ పూట ఏరిన పువ్వులు ఇంకా వాడనైనా వాడలేదు.

గురమ్మ తల దించుకుంది. "గాలి ఎలిసిన మర్నాడు నువ్వు గోడ కాడ నేల సూసుకుంటా నిలబడిపోయినావు. రేకుల సందులోంచి సూసినాను. నీ పూజ ఆగిపోతే సముద్రం మీద మా ఓడికేటవుద్దో అని బయమేసినాది. రేవు కాడ ఇంకో పారిజాతం ఉన్నాది. తెల్లారగట్ల సేపలకి అక్కడికే ఎల్తాను గదా. నువ్వు గుడి నుంచి వొచ్చేలోపు రేకుల సందులోంచి నీ వేపు..." అని ఆగిపోయింది.

"గురమ్మా," అన్నాడాయన. "మరి ఇవాళ నేను స్వామి పాదాల మీద పెట్టినవి?"

"నా సేపల గంపలో వొచ్చినవే బాబూ."