మాస్కుల పెట్టె

రైల్వే యార్డులో క్లోరిన్ ట్యాంకర్ పక్కనున్న అత్యవసర పెట్టె మూత తీయగానే బొద్దింకలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. వ్యాగన్ల తనిఖీకి వచ్చినతను అందులోంచి ఓ గ్యాస్ మాస్కు తీస్తే, రబ్బరు వేళ్ళ మధ్యే పొడిపొడిగా రాలిపోయింది.

"అన్నీ బాగున్నాయని రాసి సంతకం పెట్టెయ్ బామ్మర్దీ," అన్నాడు యార్డు మాస్టరు. ఆయన అతని అక్క మొగుడే. "బండి సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా లీకైందా?"

"ఇవాళ అయితే? ఆ గోడవతల రెండు వందల ఇళ్ళున్నాయి బావా. ఎటు పరిగెత్తాలో వాళ్ళకెవరైనా చెప్పారా?"

"చెబితే లేనిపోని భయం. అందరూ వచ్చి నా మీద పడతారు."

"మీ క్వార్టరూ అక్కడేగా! అక్కా, పిల్లలూ..."

"వాళ్ళు లేరులే. పొద్దున్నే మీ ఇంటికి పంపించేశాను."

నెలకోసారి అక్క పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వస్తుంది. అల్లుడిది ఎంత మంచి మనసోనని అమ్మ మురిసిపోతుంది. ఈ ట్యాంకర్ వచ్చేదీ నెలకోసారే.

"అంటే నీకన్నీ తెలుసన్నమాట."

బావ మొహం తిప్పుకున్నాడు. "మనవాళ్ళని మనం చూసుకోవద్దట్రా?"

అతను చేతికంటిన పొడిని ప్యాంటుకేసి తుడుచుకుని, 'మాస్కులు పనికిరావు, బండిని ఇక్కడ నిలపరాదు' అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు. బావ వెనకనుంచి పిలుస్తున్నా ఆగకుండా గోడ చుట్టి వెళ్ళి, మొదటి ఇంటి తలుపు తట్టాడు.