ఉచితం వద్దన్న పెద్దామె

"అన్నా, ఈ పొద్దు కూడా ఎక్కింది ఆ పెద్దామె," అన్నాడు కండక్టర్ ఆంటో, డ్రైవర్ జయరామన్ చెవి దగ్గరికి వంగి.

జయరామన్ అద్దంలో చూశాడు. నూలు చీర, ఒళ్లో ఖాళీ సంచి. వ్యాసర్పాడి నుంచి పెరంబూరు స్టేషను దాకా నడిచే ఆ మినీ బస్సు ఆమె రోజూ ఎక్కుతుంది. స్టేషన్లో దిగదు. తిరుగు ట్రిప్పుకూ టికెట్ కొని, అదే సీట్లో వెనక్కి వస్తుంది.

"ముందర పొయ్యే సర్కారు బస్సులో ఆడోళ్ళకి ఫ్రీ గదా! దాన్ని ఇడిసిపెట్టి ఈడెందుకు దుడ్డు పెడతాది?"

"వేగు చూసేదానికి. సర్కారోళ్ళు పంపించుంటారు," అన్నాడు జయరామన్. "మన ఓనరు నోరు ఊరుకుంటాదా?"

ఓనరు గిరి జార్జి టౌన్‌లో పైపుల హోల్‌సేల్ వ్యాపారి. బస్సుకు కొబ్బరికాయ కొట్టిన రోజే అందరి ముందూ అన్నాడు. "సర్కారుకి తెలిసింది ఒకటే, ఊరి సొమ్ము ఊరికే పంచడం. వ్యాపారస్తుడు లెక్క చూస్తే ఎట్లుంటాదో ఈ బస్సు చూపిస్తాది."

వీళ్ళిద్దరినీ మాత్రం పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పాడు. కలెక్షన్ రాకపోతే నెలాఖరుకు బస్సు ఆపేస్తాడట. ఆంటో భార్యకు నెలలు నిండాయి. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

తర్వాతి వారం పెద్దామె ఒంటరిగా రాలేదు. నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చి, అందరికీ తనే టికెట్లు కొంది.

"ఏడికి పోతుండారు?" అడిగాడు ఆంటో.

ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. "ఊరికే, గాలికి," అందొకతి. ఆంటో ఫోను తీసి ఫోటో పట్టబోతే పెద్దామె చటుక్కున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"చూస్తివా, దాక్కుంటాది," అన్నాడు ఆంటో. "అయినా అన్నా, వేగు చూసేటోళ్ళు మన కలెక్షన్ ఎందుకు పెంచుతారు?"

"నేను సర్కారు బస్సు తోలి రిటైరైనోణ్ణి. ఆళ్ళ బుద్ధి నాకు తెలీదా? రూటు బాగా నడిచేదాకా చూసి, పర్మిట్ లాక్కుంటారు."

ఆంటో ఓనరుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు.

మర్నాడు గిరి చెప్పాపెట్టకుండా స్టేషను దగ్గర బస్సెక్కాడు. మంచి హుషారులో ఉన్నాడు. "కలెక్షన్ చూసినా. ఇంకో బస్సుకి అడ్వాన్సు ఇచ్చేసినా. సర్కారుకి చేతగానిది నేను చేసి చూపించినానా, లేదా?" అని, గొంతు తగ్గించాడు. "ఎవురామె?"

ఆంటో కళ్ళతోనే చూపించాడు. పెద్దామె తలనిండా కొంగు కప్పుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి.

గిరి ఆమె సీటు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"ఏమ్మా, నా బస్సు మీద నీకెందుకింత ప్రేమ? ఇంతమందికి టికెట్లు కొంటుండావే, దుడ్డెవురిస్తుండారు? ఏ ఆఫీసు? ఏ ఆఫీసరు?"

ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"దిగనియ్యను. చెప్పాల్సిందే!"

పెద్దామె మెల్లగా కొంగు తీసి, అతని వైపు తిరిగింది.

"ఇంటి ఖర్చుకని అమ్మకి నువ్విచ్చేదేరా, గిరీ."