ఏమీ చెయ్యని లూపు

ప్రోగ్రాంలో ఒకే పనిని మళ్ళీమళ్ళీ తిప్పే ఆ లూపు అంకెలు లెక్కపెట్టి పారేస్తోంది, అంతే. ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ మధ్యలో తయారుచేసే కోడ్‌ను చేత్తో చెక్కి వేగం పెంచడం నా ఉద్యోగం. కాబట్టి తీసేశాను.

దనాంగ్ నగరంలో మా కంపెనీ చేసేది ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళలో పెట్టే పలకరింపు పెట్టె. పూటపూటా "అన్నం తిన్నావా అవ్వా?" అని అడుగుతుంది. కాసేపాగి "మంచిది, మందులేసుకో" అంటుంది. లూపు తీసేశాక ఇప్పుడు ఆ రెండు మాటలూ గుక్క తిప్పుకోకుండా వచ్చేస్తున్నాయి.

అది విని మా సీనియర్ క్వియెన్ అక్క తలెత్తింది. "లూపేదిరా?"

"దండగ లూపక్కా. కంపైలర్ కూడా ఉంచదు దాన్ని."

"ఉంచదనే, దాని పని అయ్యాక నేను చేత్తో పెట్టాను. అవ్వ జవాబు చెప్పుకోవాలి కదా."

నాకు నవ్వొచ్చింది. "పెట్టెకి మైకే లేదు. చెప్తే ఎవరు వింటారక్కా?"

"వినేవాళ్ళు లేకపోతే చెప్పుకోనివ్వవా?"

లూపు మళ్ళీ పెట్టించి, పరీక్షించమని ఒక పెట్టె నాతో పంపింది. సాయంత్రం గదిలో బల్లమీద పెట్టాను. నన్నే అవ్వా అంటూ తిన్నావా అని అడిగింది. నూడుల్స్ తిన్నానన్నాను. ఉప్పెక్కువైందన్నాను. పక్కగది వాళ్ళు ఖాళీ చేశాక మెట్లమీద అడుగుల చప్పుడు కూడా లేదని చెబుతున్నాను. అంతలోనే "మంచిది, మందులేసుకో" అనేసింది.

మర్నాడు అక్క నా కోడ్ చూసింది. "నేను పెట్టినదానికి రెట్టింపు తిరుగుతోందేంట్రా ఇది?"

"అవ్వలకి చాలా కబుర్లుంటాయక్కా," అన్నాను.