టీకా రోజు పాలు

టీకా వేసేటప్పుడు బిడ్డకు పాలిస్తే నొప్పి తగ్గుతుందని మా మల్దకల్ ఊరి తల్లులకు చెప్పీ చెప్పీ ఆశా కార్యకర్తనైన నా గొంతు పోయింది. వింటేగా! పాపను అత్త టీకా గదిలోకి తెస్తుంది. తల్లి బయట చెవులు మూసుకుంటుంది.

ఈరోజు గీతా అంతే.

"పిల్ల ఏడిస్తే మా కోడలు సూడలేదమ్మా," అంది అత్త.

"నువ్వు సూస్తవ్ గని పాలియ్యలేవ్ గద పెద్దమ్మా!"

ఒళ్లు మండి బయటికి కేకేశాను: "గీతా, సూది అయిపోయింది, పాలియ్యి రా!"

గీత పరుగున వచ్చి పాపను రొమ్ముకు అదుముకుంది. సూదితో సిద్ధంగా ఉన్న నర్సుకు కన్ను గీటాను. సూది దిగింది. పాప ఒక్కసారి మూలిగి మళ్లీ పాలు తాగసాగింది.

"గిప్పుడే పడ్డది సూది," అని నవ్వాను.

గీత నవ్వలేదు.

"అయితే పోయినసారి సూదికి అంతసేపు నాకోసమే ఏడ్శిందా అక్కా?"